అగ్ని భద్రత నిబంధనలకు మినహాయింపులు: అమెరికా అణు విద్యుత్ కేంద్రాల్లో అవి ఎలా పుట్టాయి, ఎందుకు పేరుకున్నాయి

క్లుప్తంగా

1975లో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత అమెరికా కఠినమైన అగ్ని భద్రత నిబంధనలు తెచ్చింది. అప్పటికే కట్టేసిన కేంద్రాల్లో చాలావాటికి వాటిని అక్షరాలా పాటించడం వీలుపడలేదు. ఆ కారణంగా ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా మంజూరైన మినహాయింపులు సుమారు 900కు చేరాయి. వాటిలో కొన్నింటి వెనక గట్టి ఇంజినీరింగ్ ఆధారం ఉంది. మరికొన్ని మాత్రం గోడ చేయాల్సిన పనిని మనిషికి అప్పగించాయి. ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టడం వల్లనే ఈ విషయం మీద ఇంత గందరగోళం నెలకొంది.

కొవ్వొత్తి దగ్గర మొదలైన మంట

అలబామా రాష్ట్రంలో టెనెసీ నది ఒడ్డున ఉన్న బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రంలో 1975 మార్చి 22న మధ్యాహ్నం పన్నెండు దాటాక ఇద్దరు సిబ్బంది గోడలోని ఒక రంధ్రాన్ని పరీక్షిస్తున్నారు. కంట్రోల్ రూమ్ కింద ఉన్న కేబుళ్ల గదిలోంచి రియాక్టర్ భవనంలోకి వందలాది కేబుళ్లు ఆ గోడ గుండానే వెళ్తాయి. రియాక్టర్ భవనం లోపల గాలి పీడనం బయటికంటే కాస్త తక్కువగా ఉంచుతారు. లోపలి గాలి బయటికి పోకూడదన్నది అందులోని ఉద్దేశం. కేబుళ్ల చుట్టూ ఎక్కడ సందు మిగిలినా గాలి లోపలికి లాగుతుంది కాబట్టి ఆ సందును కనిపెట్టడానికి వాళ్లు వెలుగుతున్న కొవ్వొత్తిని రంధ్రం దగ్గర పెట్టి, మంట ఎటు వంగుతుందో చూసేవారు. సందు కనబడితే పాలియురిథేన్ ఫోమ్ ముక్కలు కూరేవారు. ఆ రోజు కూరిన ఫోమ్ పక్కనే కొవ్వొత్తి మంట లోపలికి లాగబడింది. ఫోమ్ అంటుకుంది. గోడకు అవతల రియాక్టర్ భవనంలో కేబుళ్లకు మంట పాకింది.

అప్పుడు 1, 2 యూనిట్లు పూర్తిస్థాయిలో నడుస్తున్నాయి. 3వ యూనిట్ ఇంకా నిర్మాణంలో ఉంది. మంట సుమారు ఏడు గంటలు కాలింది. 1,600కు పైగా కేబుళ్లు దెబ్బతిన్నాయి. కంట్రోల్ రూమ్‌లో ప్యానెల్ దీపాలు ఒకసారి ప్రకాశవంతంగా, మరోసారి మసకగా మారాయి. ఎవరూ మీట నొక్కకుండానే పంపులు వాటంతట అవే మొదలయ్యాయి, ఆపితే మళ్లీ మొదలయ్యాయి. 1వ యూనిట్ తన అత్యవసర శీతలీకరణ వ్యవస్థలన్నింటినీ కోల్పోయింది. రియాక్టర్ పాత్రలో నీటి మట్టం మామూలు స్థాయి నుంచి ఇంధనానికి నాలుగు అడుగుల ఎత్తు దాకా పడిపోయింది. ఆపరేటర్లు రిలీఫ్ వాల్వులతో పీడనం తగ్గించి, ఇలాంటి అవసరానికి ఉద్దేశించని పంపులతో నీరు పంపి ఇంధనాన్ని కాపాడారు. మంటపై నీరు కొట్టాలని స్థానిక అగ్నిమాపక అధికారి సూచించినా, విద్యుత్ పరికరాలపై నీరు చల్లడానికి కేంద్రం వాళ్లు గంటల తరబడి వెనకాడారు. చివరికి నీరు వాడాక ఇరవై నిమిషాల ప్రాంతంలో మంట అదుపులోకి వచ్చింది.

రేడియేషన్ బయటికి రాలేదు, ప్రాణనష్టం జరగలేదు. అయినా ఆ రోజు బయటపడిన లోపం చిన్నది కాదు. ఒకటి పోతే మరొకటి ఉంటుందన్న నమ్మకంతో పెట్టిన రెండు వరుసల పరికరాలకూ వెళ్లే కేబుళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉండటంతో ఒకే మంట రెంటినీ పట్టుకుంది.

కేబుల్ కాలితే ఏమవుతుంది

రియాక్టర్‌ను ఆపడం ఒక ఎత్తు, ఆపాక చల్లార్చడం మరో ఎత్తు. గొలుసుకట్టు విచ్ఛిత్తి ఆగిపోయిన క్షణంలో కూడా ఇంధనంలోని రేడియోధార్మిక పదార్థాలు పూర్తి సామర్థ్యంలో ఆరేడు శాతం వేడిని విడుదల చేస్తూనే ఉంటాయి. ఆ వేడి గంటల కొద్దీ, రోజుల కొద్దీ తగ్గుతూ వస్తుంది తప్ప ఒక్కసారిగా పోదు. దాన్ని తీసేయాలంటే పంపులు తిరగాలి, వాల్వులు తెరుచుకోవాలి, నీటి మట్టం ఎంతో ఆపరేటర్‌కు తెలియాలి. ఈ మూడూ కేబుళ్ల మీదే ఆధారపడి ఉన్నాయి.

కేబుల్ కాలినప్పుడు విద్యుత్ సరఫరా ఆగిపోవడం ఒక్కటే జరిగితే సమస్య కాస్త తేలిక. పై తొడుగు కరిగి లోపలి తీగలు ఒకదానికొకటి తగిలితే, కరెంటు ఉన్న తీగ నుంచి కరెంటు లేని తీగలోకి ప్రవహించి, ఎవరూ ఆదేశించకుండానే వాల్వు తెరుచుకోవచ్చు లేదా మూసుకుపోవచ్చు. ఇంజినీర్లు దీన్ని హాట్ షార్ట్ అంటారు. బ్రౌన్స్ ఫెర్రీలో పంపులు వాటంతట అవే మొదలవడానికి కారణం ఇలాంటిదే. సాధారణ ప్లాస్టిక్ తొడుగున్న కేబుళ్లు సుమారు 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వేడికి గట్టిపడే రకం తొడుగున్నవి సుమారు 330 డిగ్రీల దగ్గర దెబ్బతింటాయని విశ్లేషణల్లో లెక్కగడతారు. గదిలో పైకప్పు కింద పోగయ్యే పొగ, వేడిగాలి ఆ ఉష్ణోగ్రతను చేరడానికి పెద్ద మంటే అక్కర్లేదు. ఒక విద్యుత్ క్యాబినెట్ కాలినా చాలు.

అణు కేంద్రాల్లో ఇంధనం దెబ్బతినే మొత్తం ప్రమాద సంభావ్యతలో అగ్నిప్రమాదాల వాటా కొన్ని చోట్ల సగం దాకా ఉంటుందని అమెరికా నియంత్రణ సంస్థ అంచనాలు చెబుతాయి. భూకంపం, వరద, పైపు పగలడం వంటి వాటి సరసన మంటను చిన్న విషయంగా చూడటానికి వీల్లేదని ఆ ఒక్క అంచనా చెప్పకనే చెబుతుంది.

నియమం ఏం అడిగింది

బ్రౌన్స్ ఫెర్రీ ప్రమాదం నాటికి అమెరికా అణు నియంత్రణ కమిషన్ పుట్టి రెండు నెలలే అయింది. 1975 జనవరిలో అది పని మొదలుపెట్టింది. ముందు మార్గదర్శకాలు ఇచ్చి, కేంద్రాలతో ఏళ్లపాటు ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, కొన్ని అంశాలపై ఏకాభిప్రాయం కుదరక, చివరికి 1980 నవంబరులో కమిషన్ నిబంధనలు ప్రచురించింది. 1981 ఫిబ్రవరి నుంచి అవి అమల్లోకి వచ్చాయి. 1979 జనవరి 1కి ముందు లైసెన్సు పొందిన కేంద్రాలకు వర్తించే వివరమైన భాగాన్ని అపెండిక్స్ ఆర్ అంటారు.

దాని గుండెకాయ లాంటి నియమం ఇదీ: ఎక్కడ మంట వచ్చినా రియాక్టర్‌ను సురక్షితంగా ఆపి, చల్లార్చడానికి కావలసిన పరికరాల్లో కనీసం ఒక వరుస మంట తాకకుండా మిగలాలి. రెండు వరుసలూ ఒకే ప్రాంతంలో ఉంటే మూడు మార్గాల్లో ఒకటి పాటించాలి. మొదటిది, వాటి మధ్య మూడు గంటలు మంటను ఆపగల అడ్డుగోడ. రెండోది, మధ్యలో కాలే వస్తువేదీ లేకుండా 20 అడుగుల దూరం, దానికి తోడు పొగను పసిగట్టే పరికరాలు, వాటంతట అవే నీరు చల్లే వ్యవస్థ. మూడోది, ఒక వరుస చుట్టూ గంటసేపు ఆపగల తొడుగు, దానికి కూడా పై రెండు పరికరాల తోడు. ఈ మూడూ కుదరని చోట ఆ గదితో సంబంధం లేని ప్రత్యామ్నాయ షట్‌డౌన్ ఏర్పాటు ఉండాలి. మంట వచ్చినప్పుడు సిబ్బంది నడిచే దారుల్లో ఎనిమిది గంటలు వెలిగే బ్యాటరీ దీపాలు, రియాక్టర్ కూలెంట్ పంపుల నుంచి కారే నూనెను పట్టే వ్యవస్థ కూడా అడిగింది.

గంట, మూడు గంటలు అన్న మాటలకు ఇక్కడ ప్రత్యేకమైన అర్థముంది. అడ్డుగోడను కొలిమిలో పెట్టి ప్రామాణిక వక్రరేఖ ప్రకారం వేడిచేస్తారు. ఐదు నిమిషాలకు 538 డిగ్రీలు, గంటకు 927 డిగ్రీలు, మూడు గంటలకు 1,052 డిగ్రీల సెల్సియస్. అంతసేపూ గోడ అవతలి వైపు సగటు ఉష్ణోగ్రత మొదట ఉన్నదానికంటే 139 డిగ్రీలకు మించి పెరగకూడదు. నిజమైన మంట ఈ రేఖను అనుసరించదు. కొన్ని గదుల్లో అంతకంటే వేగంగా, చాలా గదుల్లో అంతకంటే చాలా నిదానంగా కాలుతుంది. మినహాయింపుల వాదన అంతా ఈ తేడా మీదే నిలబడింది.

మినహాయింపు ఎలా పుడుతుంది

1960ల చివర్లో, 1970ల మొదట్లో గీసిన నక్షాల ప్రకారం కట్టిన భవనంలో గోడలు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి. రెండు పంపులు ఒకే గదిలో పన్నెండు అడుగుల దూరంలో బిగించి ఉంటే, 20 అడుగుల నియమం వచ్చిందని పంపును జరపడం కుదరదు. దాని పైపులు, పునాది, కేబుళ్లు, భూకంపాన్ని తట్టుకునే బిగింపులు అన్నీ ఆ చోటుకే లెక్కగట్టినవి. నియమం వచ్చేసరికి గోడ లేచి ఉండటం అనే ఒక్క కారణమే మినహాయింపుల్లో అత్యధిక భాగానికి మూలం.

కొత్త నిబంధనలపై విద్యుత్ సంస్థలు కోర్టుకు వెళ్లాయి. 1982లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు నిబంధనలను సమర్థించింది. అన్ని కేంద్రాలకూ ఒకే కొలత పెట్టడంలోని బిగువును తేలిగ్గా కొట్టిపారేయకుండా, మినహాయింపు కోరే దారి తెరిచి ఉండటాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకుంది. అంటే మినహాయింపు దొడ్డిదారిన వచ్చి చేరలేదు. నియమం న్యాయపరీక్షలో నిలబడటానికి ఊతమైన వాటిలో అదీ ఒకటి. ఈ విషయాన్ని మరిచిపోయి ప్రతి మినహాయింపునూ ఉల్లంఘనగా లెక్కవేస్తే అసలు సమస్య ఎక్కడుందో కనబడకుండా పోతుంది.

చట్టం ప్రకారం మినహాయింపు ఇవ్వాలంటే అది చట్టబద్ధం కావాలి, ప్రజల ఆరోగ్యానికీ భద్రతకూ అనుచితమైన ముప్పు తేకూడదు, దేశ రక్షణ ప్రయోజనాలకు అడ్డు కాకూడదు. వీటికి తోడు ప్రత్యేక పరిస్థితి ఏదైనా ఉండాలి. ఎక్కువగా చూపే ప్రత్యేక పరిస్థితి ఒక్కటే: ఈ గదిలో నియమాన్ని అక్షరాలా పాటించకపోయినా దాని ఉద్దేశం నెరవేరుతోంది. ఉదాహరణకు ఒక కాంక్రీటు గదిలో రెండు వాల్వుల మధ్య దూరం 20 అడుగులకు తక్కువ, పైన నీరు చల్లే వ్యవస్థ లేదు. అయితే గదిలో నూనె లేదు, కేబుళ్లు లోహపు గొట్టాల్లో ఉన్నాయి, పొగ పసిగట్టే పరికరం ఉంది, కాలే వస్తువంతా కలిపి కొద్ది నిమిషాల మంటకు కూడా చాలదు. ఇలాంటి చోట మినహాయింపు ఇవ్వడం తప్పని ఏ అగ్నిమాపక ఇంజినీరూ అనడు. నీరు చల్లే వ్యవస్థ పెడితే అది పొరపాటున తెరుచుకుని విద్యుత్ పరికరాలను తడిపే ప్రమాదమే ఎక్కువ కావచ్చు.

చిక్కు మరో చోట ఉంది. గదిలో కాలే వస్తువు తక్కువన్నది ఆ రోజు రాసిన మాట. పదేళ్ల తర్వాత మరమ్మతుల సమయంలో అదే గదిలో చెక్క పరంజా, ప్లాస్టిక్ పట్టాలు, ద్రావకం డబ్బాలు చేరితే ఆ మాటకు ఆధారం పోతుంది. మినహాయింపు కాగితం మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి ప్రతి మినహాయింపు వెనక కేంద్రం నడిచినంత కాలం నిలబెట్టుకోవాల్సిన ఒక హామీ ఉంటుంది. ఆ హామీని ఎవరు, ఎప్పుడు, ఏ పట్టికలో సరిచూస్తారు?

అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2008 జూన్‌లో ఇచ్చిన నివేదిక ఈ బలహీనతనే పట్టుకుంది. మినహాయింపులు, దీర్ఘకాలం సాగుతున్న ప్రత్యామ్నాయ ఏర్పాట్లు, చేతితో చేసే చర్యలు అన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకచోట చూపే సమాచార నిధి కమిషన్ దగ్గర లేదని అది తేల్చింది. 1995 నుంచి 2007 చివరి దాకా 54 కేంద్రాల్లో 125 అగ్నిప్రమాదాలు జరిగాయని, వాటిలో ఏదీ రియాక్టర్‌ను సురక్షితంగా ఆపే సామర్థ్యాన్ని దెబ్బతీయలేదని కూడా నమోదు చేసింది. రెండో వాక్యం నిజంగా ఊరటనిచ్చేదే. కాకపోతే మొదటి వాక్యంలోని లోపాన్ని అది పూడ్చదు. ఒకే కేంద్రంలో ఇరవై చిన్న మినహాయింపులుంటే ఒక్కొక్కటి విడిగా నిరపాయమే అయినా, అన్నీ కలిస్తే ఎంత రక్షణ తగ్గిందో చెప్పడానికి వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి.

900 అన్న సంఖ్యను చదివేటప్పుడు మరో సంగతి గుర్తుంచుకోవాలి. అపెండిక్స్ ఆర్ నేరుగా వర్తించేది 1979కి ముందు లైసెన్సు పొందిన వాటికే. ఆ తర్వాతి కేంద్రాలకు అవే ప్రమాణాలు లైసెన్సు షరతుల రూపంలో వచ్చాయి. అక్కడ నియమం నుంచి పక్కకు జరిగితే దాన్ని మినహాయింపు అనరు, విచలనం అంటారు. పేరు మారింది, గదిలోని పరిస్థితి అదే. అందువల్ల సంఖ్యను బట్టి ఒక కేంద్రం సురక్షితమని, మరొకటి కాదని తీర్పు చెప్పడం పొరపాటు.

గంట కాస్తా 24 నిమిషాలైన కథ

మూడో మార్గమైన గంట తొడుగును ఎంచుకున్న కేంద్రాలకు రెండుసార్లు దెబ్బ తగిలింది. 1980లలో థర్మో-లాగ్ అనే పదార్థాన్ని దేశంలోని చాలా కేంద్రాల్లో కేబుళ్ల చుట్టూ వాడారు. దశాబ్దం చివర్లో ఒక కేంద్రం చేయించిన పరీక్షల్లో అది చెప్పినంతసేపు నిలవలేదు. 1992 జూన్‌లో కమిషన్ బులెటిన్ జారీచేసి, దాన్ని వాడిన చోట్ల వెంటనే ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేయమంది. తర్వాత హెమిక్ అనే మరో తొడుగు వంతు వచ్చింది. 2005లో కమిషన్ స్వయంగా చేయించిన పరీక్షల్లో వేడికి దాని పై వస్త్రం ముడుచుకుపోయి, అతుకుల దగ్గర సందులు తెరుచుకుని, గంట కాకముందే వేడి లోపలికి చేరింది. రెండు సందర్భాల్లోనూ తొడుగు బిగించి ఏళ్లు గడిచాకే నిజం తెలిసింది.

న్యూయార్క్ నగరానికి ఉత్తరాన హడ్సన్ నది ఒడ్డున ఉన్న ఇండియన్ పాయింట్ 3వ యూనిట్‌లో హెమిక్ వాడారు. తొడుగును మార్చే బదులు, గంట అన్న కొలతను ఒక ప్రాంతంలో 24 నిమిషాలకు, మరికొన్ని చోట్ల 30 నిమిషాలకు తగ్గించమని నిర్వహణ సంస్థ కోరింది. ఆ ప్రాంతాల్లో కాలే వస్తువు తక్కువని, ఇతర రక్షణలున్నాయని వాదించింది. 2007 సెప్టెంబరులో కమిషన్ ఒప్పుకుంది. న్యూయార్క్ శాసనసభ్యుడు రిచర్డ్ బ్రాడ్‌స్కీ తదితరులు దీన్ని సవాలు చేశారు.

ఆ వ్యాజ్యం అగ్ని భద్రత కంటే ఎక్కువగా ప్రజల ప్రవేశం గురించిన ప్రశ్నగా మారింది. లైసెన్సును సవరిస్తే ప్రభావితులు విచారణ కోరే హక్కు చట్టంలో ఉంది. మినహాయింపు లైసెన్సు సవరణ కిందికి రాదు కాబట్టి ఆ హక్కు వర్తించదన్నది కమిషన్ వైఖరి. 2009లో న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఈ తేడాను అంగీకరించి, కేసు కింది కోర్టుకు వెళ్లాలంది. 2013 జనవరిలో అదే అప్పీళ్ల కోర్టు సాంకేతిక నిర్ణయాల జోలికి పోకుండా ఒక్క అంశంపై కమిషన్‌ను తప్పుపట్టింది. పర్యావరణ మదింపు చేసేటప్పుడు ప్రజల అభిప్రాయం ఎందుకు అడగలేదో రికార్డులో కారణం కనబడటం లేదని, కారణం చెప్పాలని లేదా అవకాశం ఇవ్వాలని ఆదేశించింది. గడువును సగానికి పైగా తగ్గించే నిర్ణయం పొరుగున ఉండేవాళ్లకు ఒక్క మాట చెప్పకుండా జరగగలిగిందంటే, లోపం ఒక్క కేంద్రానిది కాదు, పద్ధతిది. ఇండియన్ పాయింట్ 3వ యూనిట్ 2021 ఏప్రిల్ 30న శాశ్వతంగా మూతపడింది. మినహాయింపు ఎలా ఇవ్వాలన్న ప్రశ్న దానితో పాటు మూతపడలేదు.

గోడ స్థానంలో మనిషి

తొడుగు విఫలమైందని తెలిశాక కేంద్రం వెంటనే చేసే పని ఫైర్ వాచ్ పెట్టడం. చేతిలో టార్చి, రిజిస్టరు, నడుముకు రేడియో ఉన్న ఉద్యోగి గంటకోసారి ఆయా గదుల చుట్టూ తిరిగి, పొగ వాసన ఉందేమో చూసి, గది గుమ్మం దగ్గర సమయం వేసి సంతకం పెట్టి వెళ్తాడు. మరీ ముఖ్యమైన చోట్ల మనిషి అక్కడే నిలబడి ఉంటాడు. మరమ్మతు జరిగే వారం పది రోజులకు ఇది మంచి ఏర్పాటే. కొన్ని కేంద్రాల్లో ఇది ఏళ్ల తరబడి సాగింది. గంటకోసారి వచ్చే మనిషి మంటను చూడగలడు, కబురు పంపగలడు. తాను లేని 59 నిమిషాల్లో వేడిని ఆపలేడు. గోడ ఆ పని నిద్రపోకుండా చేస్తుంది.

రెండో రకం ప్రత్యామ్నాయం ఇంకా సున్నితమైనది. కేబుల్‌ను మంట నుంచి కాపాడే బదులు, అది కాలిపోయి వాల్వు తప్పుడు స్థితిలోకి వెళ్తే ఆపరేటర్ వెళ్లి చేతితో తిప్పి సరిచేస్తాడని రాసుకోవడం. చాలా కేంద్రాలు కమిషన్ ముందస్తు ఆమోదం లేకుండానే ఇలాంటి చేతి చర్యల మీద ఆధారపడుతున్నాయని తనిఖీల్లో తేలింది. వాటిని షరతులతో అనుమతిస్తూ 2005లో కమిషన్ ఒక ముసాయిదా నియమం ప్రచురించి, 2006లో వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత ఒక్కో కేంద్రం మినహాయింపు కోసం విడిగా దరఖాస్తు చేయాల్సి వచ్చింది.

ఇలాంటి దరఖాస్తులో అసలు చూడాల్సింది సమయం. అలారం మోగినప్పటి నుంచి ఆపరేటర్ ఏ మెట్లు దిగాలి, ఆ దారిలో పొగ ఉంటుందా, దీపాలు వెలుగుతాయా, వాల్వు చక్రం తిప్పడానికి ఎంతసేపు పడుతుంది, అందుకు ఎంతమంది కావాలి, అదే సమయంలో ఆ మనిషికి మరో పని అప్పగించారా. పగటి వెలుతురులో, పొగ లేని రోజున గడియారం పట్టుకుని నడిచి చూపిన పన్నెండు నిమిషాలు అర్ధరాత్రి శ్వాస పరికరం తగిలించుకుని నడిస్తే ఎంతవుతుందో అంచనా వేయడానికి అదనపు వ్యవధి కలపాలని మార్గదర్శకాలు చెబుతాయి. ఎంత కలిపితే చాలన్నది మాత్రం ఎప్పటికీ కొంత ఊహే. భౌతిక పరిస్థితి మీద ఆధారపడిన మినహాయింపు కంటే మనిషి చర్య మీద ఆధారపడినది అందుకే బలహీనమైనది. రెండూ ఒకే రకం కాగితం మీద, ఒకే చట్ట నిబంధన కింద వస్తాయి కాబట్టి బయటివారికి తేడా తెలియదు.

లెక్కల దారి

ఒక్కో మినహాయింపు కోసం పోట్లాడే బదులు నియమం రూపాన్నే మార్చాలన్న ఆలోచన నుంచి అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం (ఎన్ఎఫ్‌పీఏ) రూపొందించిన ఎన్ఎఫ్‌పీఏ 805 అనే ప్రమాణం వచ్చింది. 2004లో కమిషన్ దీన్ని ఐచ్ఛిక మార్గంగా స్వీకరించింది. 20 అడుగులు, మూడు గంటలు వంటి కొలతల బదులు, ఈ గదిలో మంట వచ్చే అవకాశం ఎంత, అది ఏ కేబుళ్లను తాకుతుంది, దానివల్ల ఇంధనం దెబ్బతినే సంభావ్యత ఎంత పెరుగుతుంది అని కేంద్రమంతటికీ లెక్క కట్టాలి. ఒక మార్పు వల్ల ఆ సంభావ్యత ఏడాదికి పది లక్షల్లో ఒకటి కంటే తక్కువగా పెరిగితే దాన్ని అత్యల్పంగా పరిగణిస్తారు. నార్త్ కరోలినాలోని షియరన్ హ్యారిస్, సౌత్ కరోలినాలోని ఓకోనీ కేంద్రాలు 2010లో మొదట ఈ మార్గంలోకి వచ్చాయి. బ్రౌన్స్ ఫెర్రీకి అనుమతి 2015 అక్టోబరులో వచ్చింది. కొవ్వొత్తి మంటకు అప్పటికి నలభై ఏళ్లు నిండాయి.

ఈ మార్గానికి ఉన్న గొప్ప లాభం, ఇంతకుముందు విడివిడిగా ఉన్న లోపాలన్నీ ఒకే లెక్కలోకి రావడం. కొన్ని కేంద్రాల్లో ఏ గది నిజంగా ప్రమాదకరమో ఈ విశ్లేషణలోనే మొదటిసారి తెలిసి, కేబుళ్లు మార్చారు, కొత్త పంపులు పెట్టారు. పైగా ఇది లైసెన్సు సవరణ కాబట్టి ప్రజలు విచారణ కోరే హక్కు తిరిగి వచ్చింది. నష్టమూ ఉంది. ఒకసారి మారాక, ప్రమాదం పెరుగుదల కోటిలో ఒకటి కంటే తక్కువైన మార్పులను కేంద్రం తనంతట తానే చేసుకోవచ్చు. 20 అడుగుల దూరాన్ని ఎవరైనా టేపు పెట్టి కొలవగలరు. సంభావ్యత లెక్కను సరిచూడాలంటే వేల పేజీల నమూనా, దాన్ని అర్థం చేసుకోగల నిపుణులు కావాలి. తనిఖీ అధికారుల సంఖ్య, శిక్షణ దానికి తగ్గట్టు ఉంటేనే ఈ మార్గం పాతదానికంటే మేలు.

లెక్కల్లో తక్కువగా కనబడినవి జరుగుతాయని రెండు సంఘటనలు గుర్తుచేస్తాయి. 2010 మార్చి 28న సౌత్ కరోలినాలోని రాబిన్సన్ కేంద్రంలో ఒక కేబుల్ విఫలమై మంట రేగింది. కొన్ని గంటల తర్వాత సరఫరాను పునరుద్ధరించే ప్రయత్నంలో రెండో మంట వచ్చింది. 2011 జూన్ 7న నెబ్రాస్కాలోని ఫోర్ట్ కాల్హూన్‌లో విద్యుత్ స్విచ్‌గేర్ (సరఫరాను కలిపి, తెంచే పరికరాల వరుస) కాలి, వాడిన ఇంధనం ఉంచే కొలనుకు శీతలీకరణ సుమారు గంటన్నర ఆగిపోయింది. రెండు చోట్లా మంట పుట్టింది విద్యుత్ పరికరాల్లోనే.

జపాన్ దీనికి భిన్నమైన దారి పట్టింది. ఫుకుషిమా తర్వాత 2013 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త ప్రమాణాలు పాత రియాక్టర్లకు కూడా వర్తిస్తాయి. వాటిని అందుకోకపోతే తిరిగి నడిపే అనుమతి లేదు. 1978లో మొదలైన టోకాయ్ 2వ కేంద్రంలో మంటను తట్టుకోని పాత కేబుళ్లలో కొన్నింటిని మార్చి, మార్చడం కుదరని వాటిని మంట నిరోధక పట్టీలతో చుట్టాల్సి వచ్చింది. పాతదాన్ని పాతదిగా వదిలేయకూడదనుకున్నా, చివరికి గోడలు జరపడం అక్కడా సాధ్యం కాలేదు. ఖర్చు, ఆలస్యం మాత్రం చాలా ఎక్కువ.

నరోరా, కొవ్వాడ

భారతదేశానికి ఈ పాఠం వినికిడి మాట కాదు. ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు విద్యుత్ కేంద్రంలో 1993 మార్చి 31 తెల్లవారుజామున మూడున్నరకు 1వ యూనిట్ టర్బైన్ చివరి వరుస బ్లేడ్లు రెండు విరిగాయి. తీవ్రమైన కంపనానికి జనరేటర్ సీళ్లు దెబ్బతిని హైడ్రోజన్ బయటికి వచ్చి పేలింది, నూనె అంటుకుంది. ప్రధాన, అత్యవసర సరఫరాలకు చెందిన కేబుళ్లు తగినంత ఎడం, అడ్డుగోడలు లేకుండా వెళ్లడంతో అన్నీ కాలిపోయాయి. సుమారు 17 గంటలు యూనిట్‌కు కరెంటు లేదు. కంట్రోల్ రూమ్‌లోకి పొగ కమ్ముకోవడంతో సిబ్బంది బయటికి రావాల్సి వచ్చింది. ఆపరేటర్లు టార్చిలైట్ల వెలుగులో రియాక్టర్ భవనం పైకెక్కి, వాల్వులు చేతితో తెరిచి, విచ్ఛిత్తిని అణిచివేసే బోరాన్ ద్రావణాన్ని వదిలారు. మంటలు ఆర్పడానికి పెట్టిన డీజిల్ పంపులతో ఆవిరి జనరేటర్లకు నీరు పంపి రియాక్టర్‌ను చల్లార్చారు. ఇంధనం దెబ్బతినలేదు. అణు ఘటనల తీవ్రతను ఏడు స్థాయిల్లో చూపే అంతర్జాతీయ కొలమానంలో దీన్ని 3వ స్థాయి ఘటనగా నమోదు చేశారు. బ్రౌన్స్ ఫెర్రీ జరిగి అప్పటికి పద్దెనిమిదేళ్లు. తర్వాత అణుశక్తి నియంత్రణ మండలి కేబుళ్ల మధ్య ఎడం, అడ్డుగోడల విషయంలో మార్పులు చేయించింది. 1996లో అగ్ని రక్షణ ప్రమాణాన్ని ప్రచురించి, 2010లో సవరించింది.

తెలుగు పాఠకులకు ఈ చర్చ దగ్గరయ్యే చోటు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ. అక్కడ ప్రతిపాదించినవి అమెరికా నమూనా అయిన ఏపీ-1000 రియాక్టర్లు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు. ఇలాంటి కొత్త నమూనాలకు అమెరికాలో పెట్టిన అగ్ని ప్రమాణం అపెండిక్స్ ఆర్ కంటే కఠినమైనది. ఒక అగ్ని విభాగంలోని పరికరాలన్నీ కాలిపోయాయని, మరమ్మతు కోసం లోపలికి ఎవరూ వెళ్లలేరని అనుకున్నా రియాక్టర్ సురక్షితంగా ఆగాలి. ఇక్కడ 20 అడుగుల ఎడం సరిపోదు, ఆపరేటర్ వెళ్లి వాల్వు తిప్పుతాడన్న ఊహకు చోటు లేదు. నక్షా దశలోనే గోడలు వేరుగా ఉంటే మినహాయింపు అడిగే అవసరం చాలావరకు పుట్టదు.

కాగితం మీది గోడకు, కట్టిన గోడకు మధ్య ఉండేది గోడలో కేబుల్ దూరే రంధ్రం. ఒక్కో రియాక్టర్‌లో అలాంటివి వేలల్లో ఉంటాయి. ప్రతి ఒక్కటీ పరీక్షలో నెగ్గిన పదార్థంతో మూసి, తర్వాత కొత్త కేబుల్ లాగిన ప్రతిసారీ మళ్లీ మూసి, ఎవరు మూశారో, ఎవరు చూశారో రాసి పెట్టాలి. బ్రౌన్స్ ఫెర్రీలో కొవ్వొత్తి పెట్టి చూసింది ఆ రంధ్రాన్నే.